మూలనబడిన రాజదూతను దారికి తెచ్చుట

ధ్యాన భాగములు: గలతీయులకు 6:1, 1 రాజులు 19:1–18, ఫిలేమోను 10–18



జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాల గ్రామములలో మేము ఇండ్లను దర్శించుచు తిరుగునప్పుడు పశువుల కొట్టములలో తరచుగా కనబడునది యొకటి కలదు. ఒక మూలను, విరిగిన నాగలి ప్రక్కన, పాత మోటారు సైకిలు గోడకు ఆనుకొని యుండును. సీటు చినిగి, దానిమీద కోడి పొదుగుచుండును. చక్రములలో గాలి లేక రబ్బరు నెర్రెలు విచ్చియుండును. హేండిలుమీద ఎవరో తడిబట్టలు ఆరవేసియుందురు. "ఇది నడుచునా?" అని అడిగినయెడల ఇంటివారు, "ఒకప్పుడు మంచిగ నడిచేది అయ్యగారూ" అందురు.

ఈ "ఒకప్పుడు" అను మాటను మనము బండ్లను గూర్చియే గాక మనుష్యులను గూర్చియు పలుకుచున్నాము. ఒకప్పుడు డోలకు వాయించేవాడు. ఒకప్పుడు ఆదివారపు బడి చెప్పేది. ఒకప్పుడు మొదటి గంటకే వచ్చి చాపలు పరచేవాడు. ఇట్లు పలికి మనము ముందుకు సాగిపోవుదుము. వారు మాత్రము మూలనే యుందురు. మూలనబడినది తిరిగి దారికి వచ్చుట ఎట్లో ఈ నెల కొంచెము ఆలోచింతము.

అపొస్తలుడైన పౌలు గలతీ సంఘములకు వ్రాయుచు, తప్పితములో చిక్కుకొనినవానిని సాత్వికముతో సరిచేయుమని ఆత్మసంబంధులకు ఆజ్ఞాపించెను. అక్కడ గ్రీకు మూలమందు వాడిన క్రియాపదమును మత్తయి 4:21లో కూడ చూడవచ్చును. జెబెదయి కుమారులు దోనెలో కూర్చుండి చినిగిన వలలను బాగుచేసికొనుట అక్కడ ఆ పదముతోనే చెప్పబడినది. కాబట్టి పౌలు వాడినది మరమ్మతు చేయువాని మాట. మన తెలుగు తర్జుమాలోనైతే అది దారికి తెచ్చుట అను అర్థముతో వచ్చినది. బండిని బాగుచేయుట ఎరిగినవారికి ఈ వాక్యము సులభముగా బోధపడును.

మన పల్లెల కొట్టములలో ఎక్కువగా కనబడు పాత బండి రాజ్‌దూత్. నేటి హర్యానాలోని ఫరీదాబాదులో ఎస్కార్ట్స్ కంపెనీవారు 1960 తరువాతి తొలి సంవత్సరములలో, పోలెండు దేశపు ఎస్.హెచ్.ఎల్. బండి నమూనాపై దీనిని చేయనారంభించిరి. ఇంజను 175 సి.సి. తరగతికి చెందిన రెండు స్ట్రోకుల ఇంజను. పెట్రోలులోనే ఆయిలు కలిపి పోయవలెను. గట్టి చట్రము గలది గనుక పాల క్యానులు కట్టువారు, బడిపంతుళ్లు, పల్లెలు తిరుగు సువార్తికులు దీనిని కోరి కొనుచుండిరి. దాని పేరే చూడుడి: రాజదూత, అనగా రాజు పంపిన రాయబారి. 2 కొరింథీయులకు 5:20లో విశ్వాసులకు ఇయ్యబడిన ఉద్యోగము కూడ ఇదియే. రాజు పంపిన రాయబారి కొట్టములో నిలిచిపోయినయెడల వర్తమానము ఎవరు మోయుదురు?

ఈ ప్రాంతమునకు వర్తమానము దారి వెంట నడచియే వచ్చినది. తిరునెల్వేలి క్రైస్తవులు 1903లో స్థాపించిన ఇండియన్ మిషనరీ సొసైటీ పక్షమున దోర్నకల్‌కు వచ్చి, 1912 డిసెంబరు 29న మొట్టమొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్పుగా అభిషేకము పొందిన వి. ఎస్. అజరయ్యగారు ఎద్దులబండిమీదను సైకిలుమీదను పల్లెలు తిరిగిరి. ఆ దోర్నకల్ నేడు మహబూబాబాదు జిల్లాలోనిదే. తరువాతి తరముల సేవకులకు మోటారు సైకిళ్లు వచ్చినవి. అప్పుడును ఇప్పుడును పని ఒక్కటే, వెళ్లవలెను.

అట్టి బండి మూలను పడుటకు కారణమేమి? లారీ గ్రుద్దినందున మూలనబడినవి తక్కువ. 1985 తరువాత తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరము పోవు నాలుగు స్ట్రోకుల జపాను బండ్లు వచ్చినవి. పొగ నియమములు కఠినమైనవి. 2005 నాటికి రాజ్‌దూత్ తయారీయే ఆగిపోయెను. ఇంటిలోనైతే ఇంకను చిన్న కారణమే: బ్యాటరీ దిగినది, వచ్చే వారము చూతమనిరి. ఆ వారము నెల అయినది, నెల ఏడైనది. టాంకులో మిగిలిన పెట్రోలు జిగురుగా మారి కార్బురేటరు సన్నని రంధ్రమును మూసివేసెను. మనుష్యుడు కూడ ఎక్కువగా ఇట్లే మూలనబడును. ఒక ఆదివారము జ్వరము, ఒక ఆదివారము మిరప కోత, ఒక ఆదివారము ఎవరో అన్న ఒక్క మాట. తిరుగుబాటు చేసి పోయినవారికంటె ఇట్లు నిలిచిపోయినవారే అధికము.

మానుకోట ప్రక్క ఒక గ్రామములో జరిగిన సంగతి చెప్పుదుము. కీర్తిశేషుడైన ఒక సువార్తికుడు 1991లో కొనిన రాజ్‌దూత్ ఆయన పోయిన తరువాత 11 ఏండ్లు కదలలేదు. దాని నంబరు ఏ.పి. 36తో ఆరంభమగును, అది పాత వరంగల్లు జిల్లా గుర్తు. ఆయన పెద్ద కుమారుడు ఒకప్పుడు సంఘములో డోలకు వాయించినవాడే. త్రాగుడులో పడి, పెద్దలతో మాటా మాటా వచ్చి, ఆరాధన మానివేసెను. వృద్ధురాలైన తల్లి ఒకనాడు అతనితో, "మీ నాయన బండి బాగుచేపియ్యి బిడ్డా, దానిమీద ఒక్కసారి చర్చికి పోతా" అనెను. పాత ఇనుమువాడు అదే వారము దానికి వెల కట్టి పోయియుండెను. కుమారుడు బండిని అమ్మలేదు.

మొదటి దినమున ఇంటి పిల్లలు చేరి కిక్కు కొట్టిరి. అది కదలలేదు. ఒకడు రెండు కాళ్లతో దానిమీద నిలువబోయెను. అంతలో జనగామలో అనేక సంవత్సరములు ఇట్టి బండ్లు బాగుచేసిన ముసలి మెకానిక్కు కేక వేసెను: "తన్నకుర్రి బాబూ! లోపట పిస్టన్ పట్టేసింది. తంతె రింగులు ఇరుగుతయి. ముందుగాల నూనె పొయ్యాలె, ఆగాలె."

ఆయన ప్లగ్గు విప్పి, ఆ రంధ్రములో డీజిలు కలిపిన ఆయిలు పోసి వెళ్లిపోయెను. మరునాడు మరల పోసెను. అయిదవ దినమున గేరు వేసి, వెనుక చక్రమును చేతులతో మెల్లగా ముందుకు వెనుకకు ఆడించెను. పిస్టన్ ఒక వ్రేలెడు కదిలెను. ఆ దినమునకు అంతే చాలునని చెప్పి చేతులు తుడుచుకొనెను.

సహోదరులారా, చాలకాలమునకు గుడి గుమ్మము త్రొక్కినవానిని కొందరు ఎట్లు పలుకరింతురో మీరెరుగుదురు. "ఇన్నేండ్లకు దేవుడు గుర్తొచ్చిండా?" ఇదే కిక్కు. పట్టివేసిన పిస్టన్‌ను తన్నినట్లే అది లోపల ఏదో ఒకటి విరుచును. ఏలీయా బదరీవృక్షము క్రింద పడి చావు కోరినప్పుడు దేవుడేమి చేసెనో చూడుడి. రొట్టె పెట్టించెను, నీళ్లిచ్చెను, నిద్రపోనిచ్చెను. మరల దూతను పంపి రొట్టెయు నీళ్లును ఇప్పించెను. ఇక్కడేమి చేయుచున్నావను ప్రశ్న నలువది దినముల ప్రయాణము తరువాత హోరేబు కొండయొద్ద వచ్చెను. హజాయేలును, యెహూను, ఎలీషాను అభిషేకించు పని అటుతరువాత వచ్చెను. దేవుడు ప్రశ్నింపక విడువలేదు. అయితే ముందు నూనె పోసెను.

పిస్టన్ కదిలిన తరువాత మెకానిక్కు బండి నంతయు విప్పెను. రంగు వేయించి సీటు కుట్టించిన చాలదా అని ఇంటివారడిగిరి. ఆయన తల త్రిప్పెను. టాంకులో చిన్న గులకరాళ్లును కిరసనాయిలును పోసి కుదిపి త్రుప్పు రాల్చెను. కార్బురేటరు జెట్టును విప్పి జిగురు కడిగెను. నిప్పురవ్వ పుట్టించు పాయింట్లను సన్నని ఉప్పుకాగితముతో రుద్దెను. రెండు స్ట్రోకుల బండి ఆయిలును కాల్చును గనుక సైలెన్సరులో మసి గట్టిగా పేరుకొనియుండెను. దానిని కాల్చి దులిపెను. పొగ పోవుటకు దారి లేనియెడల క్రొత్త పెట్రోలు పోసినను ఇంజను ఊపిరాడక ఆగిపోవునని చెప్పెను. నెహెమ్యా కూడ గోడ కట్టుదమని చెప్పకముందు రాత్రివేళ బయలుదేరి, కాలిన గుమ్మములను పడిన గోడలను తానే చూచివచ్చెను (నెహెమ్యా 2:12–16). చూడక కట్టినది నిలువదు. కక్ష, అప్పు, దాచిన పాపము లోపల నుండగా పైన తెల్లచొక్కా వేసికొనుట సీటు కుట్టించుట వంటిదే.

సిలిండరు అరిగిపోయినందున బోరు చేయించి క్రొత్త పిస్టన్ వేయవలసివచ్చెను. వరంగల్లులో ఒక లేతు షాపువారు బోరు చేసిరి. అయితే తయారీ ఆగిన బండికి సామాను ఎక్కడ దొరకును? భూపాలపల్లి వైపు, సింగరేణి గనిలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఇంట మరొక రాజ్‌దూత్ చట్రము విరిగి పడియుండెను. ఆయన దాని కార్బురేటరును, క్లచ్చి పళ్లెములను వెల తీసికొనక ఇచ్చెను. బోరింగు ఖర్చును సంఘములోని ముగ్గురు తమ పేర్లు చెప్పవద్దని భరించిరి. శరీరములో ఒక అవయవము శ్రమపడగా మిగిలినవి కూడ శ్రమపడునని 1 కొరింథీయులకు 12వ అధ్యాయములో చదువుదుము గదా! ఒకని బలము మరియొకనిలో అమర్చబడినప్పుడే సంఘము శరీరమగును. ఎవడును తన సామానుతోనే తాను బాగుపడలేడు.

రబ్బరు గొట్టములు, ఆయిల్ సీళ్లు అన్నియు మార్చిరి. నేడు పెట్రోలులో 20 శాతమువరకు ఇథనాలు కలుపుచున్నారు. పాతకాలపు రబ్బరును అది పాడుచేయును, తేమను కూడ పీల్చుకొనును. అందుచేత టాంకు నింపి నెలల తరబడి నిలువనుంచవద్దని మెకానిక్కు హెచ్చరించెను. ఇశ్రాయేలీయులు మరునాటికని ఉంచుకొనిన మన్నా పురుగుపట్టిన సంగతి మనకు జ్ఞాపకము వచ్చుచున్నది (నిర్గమ 16:20). ఏనాటి కృపను ఆనాడే వాడుకొనవలెను.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. ఇంజను బిగించగానే పిల్లలు, "స్టార్టు చెయ్యి తాతా, సప్పుడు ఇందాం" అని తొందరపడిరి. ఆయన బ్రేకులు విప్పుచు, "ఆగుడు తెల్వని బండిని నడుపుడు ఎందుకు?" అనెను. రెండు డ్రమ్ములు శుభ్రపరచి, క్రొత్త లైనర్లు వేసి, తీగలు మార్చి, టైర్లు మార్చిన తరువాతనే పెట్రోలు పోసెను.

సంఘములో మనకును సప్పుడు వినవలెనను తొందర కలదు. తిరిగి వచ్చినవాడు పాడవలెను, సాక్ష్యమీయవలెను, ఉజ్జీవకూటములో వేదికనెక్కవలెను. అయితే సాయంకాలము కూలి డబ్బుతో బెల్టుషాపు ముందు దాటిపోవునప్పుడు అతనిని ఆపునది ఏది? అతని ప్రక్కన నడచు సహోదరుడెవడు? కూలి డబ్బు ఇంటికి చేరువరకు కూడ నడచువాడు ఒక్కడున్నయెడల అది మంచి బ్రేకు. కృప మనకు స్వస్థబుద్ధిని నేర్పునని తీతుకు వ్రాసిన పత్రిక చెప్పుచున్నది (2:11–12). ఆగుట నేర్పునదియు కృపయే.

తరువాత కాగితములు. సొంత వాడుక బండికి రిజిస్ట్రేషను 15 ఏండ్లు చెల్లును. పిమ్మట తనిఖీ చేయించి 5 ఏండ్లకొకసారి పొడిగించుకొనవలెనని 1988 మోటారు వాహనముల చట్టము చెప్పుచున్నది. అందుకు ఫారము 25. యజమాని చనిపోయినయెడల వారసుని పేరున మార్చుటకు ఫారము 31. గ్రీన్ ట్యాక్సు, ఇన్సూరెన్సు, పొగ ధ్రువపత్రము వేరుగా చూచుకొనవలెను. ఈ బండి గడువు 2006లోనే తీరెను. ఊరిలోనే గదా తిరుగునది, ఇవి యెందుకని కొందరనిరి. కుమారుడు మాత్రము రవాణా కార్యాలయమునకు వెళ్లి, పాత బాకీలు కట్టి, తండ్రి పేరు స్థానమున తన పేరు వ్రాయించుకొనెను. ఆ కాగితము చేతికి వచ్చిన దినమున అతడు దానిని చాలసేపు చూచెనట.

దేవుడు పాపమును క్షమించును. పొరుగువానికి ఇయ్యవలసిన అప్పు దానంతట కొట్టివేయబడదు. జక్కయ్య రక్షణ పొందిన దినముననే, అన్యాయముగా తీసికొనినదానికి నాలుగంతలు తిరిగి ఇత్తుననెను. మరియొక ప్రక్క పౌలును చూడుడి. ఒనేసిము ఒకప్పుడు నిష్ప్రయోజకుడనియు ఇప్పుడు ప్రయోజకుడనియు చెప్పి ఊరకుండలేదు. అతడు బాకీపడినది ఏదైన నున్నయెడల తన లెక్కలో వేయుమని ఫిలేమోనుకు వ్రాసెను. తిరిగి వచ్చువాడు జక్కయ్యవలె ఇయ్యవలెను, చేర్చుకొనువాడు పౌలువలె భరింపవలెను. ఈ రెండును కలిసినప్పుడే దారి తెరువబడును.

బండి నడచెను. అయినను క్రొత్త పిస్టన్ సిలిండరులో కుదురుకొనవలెను గనుక మొదటి 1000 కిలోమీటర్లు వేగము వద్దనియు, బరువు వద్దనియు, కొంతదూరము పోయి ఆపి చల్లారనీయవలెననియు మెకానిక్కు చెప్పెను. క్రొత్తగా చేరినవానిని అధ్యక్షునిగా నియమింపవద్దని 1 తిమోతి 3:6లో పౌలు చెప్పిన బుద్ధి ఇదియే. అయితే పెర్గేలో పని విడిచి వెళ్లిపోయిన మార్కును ఎన్నటికిని వద్దని పౌలు అనలేదు. సంవత్సరములు గడచిన పిమ్మట, చెరసాలనుండి, అతడు తనకు ప్రయోజకుడనియు వెంటబెట్టుకొని రమ్మనియు వ్రాయించెను (2 తిమోతి 4:11). నిదానము వేరు, నిరాకరణము వేరు.

ఒక ఆదివారమున ఆ తల్లి వెనుక సీటుమీద కూర్చుండి ఆరాధనకు వచ్చెను. కుమారుడు ఆమెను దింపి, లోపలికి రాక, వేపచెట్టు క్రింద నిలిచి ప్రసంగమైపోవు వరకు బండి తుడుచుచుండెను. ఒక సంఘపెద్ద, వెనుక అతనితో మాటపడినవాడే, గ్లాసుతో చాయ తెచ్చి అతని చేతికిచ్చి, బండి ఎంత మైలేజి ఇచ్చుచున్నదని అడిగి, తన చోటికి తిరిగి వచ్చెను. మరి యేమియు అడుగలేదు. కొన్ని వారములకు అతడు మెట్లమీద కూర్చుండుట చూచితిమి. లోపలికి వచ్చెనా అని మీరడుగుదురు. ఇంకను మెట్లమీదనే యున్నాడు. ఒకనాడు డోలకు త్రాడు వదులైనదని పిల్లవాడు తీసికొనిపోగా, బిగించి ఇచ్చెను. మేము తొందరపడుట లేదు.

ప్రియులారా, 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వము 50 ఏండ్లు దాటి, మార్పులు చేయని బండ్లకు వింటేజ్ అను ప్రత్యేక రిజిస్ట్రేషను ఏర్పాటు చేసెను. అట్టి బండ్లను ప్రదర్శనల వంటివాటికి తీసికొనిపోవచ్చును గాని నిత్యము రోడ్డుమీద త్రిప్పరాదు. పాత వస్తువులను అట్లు కాపాడుట మంచిదే. దేవుడైతే మనుష్యులను అద్దాలలో పెట్టుటకు బాగుచేయడు. దోర్నకల్ దారిలోను, జనగామనుండి సూర్యాపేటకు పోవు దారిలోను, భూపాలపల్లినుండి కాళేశ్వరమునకు పోవు అడవి దారిలోను, రోగులయొద్దకు, విధవరాండ్రయొద్దకు, మూలనున్న మరియొకనియొద్దకు పంపుటకే బాగుచేయుచున్నాడు.

కాబట్టి ఈ నెలలో ప్రతి కుటుంబమువారును "ఒకప్పుడు" అని మీరు చెప్పుకొను ఒక్కరి పేరు ప్రార్థనలో పెట్టుడి. వారి యింటికి వెళ్లుడి. మొదటి దర్శనమున ఆరాధనకు ఎందుకు రాలేదని అడుగవద్దు. వారి చేను, వారి పిల్లలు, వారి ఆరోగ్యము అడుగుడి. రెండవమారు మరల వెళ్లుడి. వారికి మీరు ఇయ్యవలసినది ఏదైనను, డబ్బైనను క్షమాపణయైనను, ముందు మీరు ఇచ్చివేయుడి. వ్రేలెడు కదలినను దేవుని స్తుతించుడి. మీరే మూలనుండి ఈ మాటలు చదువుచున్నవారైతే, పాత ఇనుమువాడు కట్టిన వెల మీ వెల అనుకొనవద్దు. రాజు ఇచ్చిన పేరు మీమీద ఇంకను చెరిగిపోలేదు.

ప్రార్థన: ప్రభువా, మూలనున్నవారిని మరువనివాడవు నీవే. మా చేతులకు ఓర్పు నిమ్ము, మా నాలుకలకు సాత్వికమిమ్ము. మెట్లవరకు వచ్చినవారిని మేము త్రోసివేయకుండ కాపాడుము. బాగుపడినవారిని నీ పనికి పంపుము. యేసు నామమున వేడుచున్నాము. ఆమేన్.